మొగ దాటిన గురువారం

పీతల సీజన్ తెరిచేలోపు మా ఇంట్లో అవ్వాల్సిన పనులు ఇవి. పీతలు పట్టే బోనుల తుప్పు గీకాలి. తెగిన చోటల్లా తీగతో అల్లాలి. నీళ్లలో బోను ఎక్కడుందో చూపే తేలే బుడ్డీలకు మా గుర్తు రంగు, పసుపు మీద నల్ల పట్టీ, మళ్లీ వెయ్యాలి. తాళ్లన్నీ విప్పి, ఒరుసుకుపోయిన చోట కోసి అతకాలి. ఎరకి స్క్విడ్ పెట్టెలు తెచ్చి మంచుగదిలో పడెయ్యాలి. ఇంజన్‌లో ఆయిలు మార్చాలి. ఆవిరిస్నానం చేసే సౌనా గది పొయ్యిలోకి కట్టెలు కొట్టాలి. నీళ్లలో పడితే ప్రాణం నిలిపే రబ్బరు సూట్లకు, వాటి జిప్పులు బిగుసుకుపోకుండా మైనం రాయాలి. అది అమ్మ పని. ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. ఆఖరిది నా పని. ఆఫీసు కంప్యూటర్‌లో నమూనాగా ఉన్న మా నది మొగ మీదికి ఆ శరదృతువు తుఫానులన్నిటినీ వదిలి, ఏమవుతుందో చూడాలి.

ఆ ఏడు అన్ని పనులూ అయ్యాయి. ఆఖరిది కూడా అయింది. మా భయమంతా అక్కడే మొదలైంది.

మాది ఆరెగాన్ తీరంలో ఆల్డర్ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న రేవు. ఇంట్లో నలుగురం. అమ్మ ఐలీ, అమ్మ తండ్రి ఒన్ని తాతయ్య, అన్నయ్య రీనో, నేను. పడవ పేరు కూడా ‘ఐలీ’యే. తాతయ్య నడుపుతారు, అన్నయ్య డెక్కు మీద పనిచేస్తాడు. నాన్న పేరు రేవు దగ్గర రాతిగోడ మీద ఉంది. సముద్రం తీసుకుపోయిన వాళ్ల పేర్లన్నీ ఆ గోడ మీద, ఏ ఏడు పోయిన వాళ్లు ఆ ఏడు కింద చెక్కుతారు. మా ఇంట్లో కాలేజీ చదువు చదివినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని రీనో నన్ను పేరుపెట్టి పిలవడం మానేశాడు. “ఇంజనీరమ్మా, ఉప్పు ఇలా అందుకో” అంటాడు.

నా ఉద్యోగం ఏమిటో ఇంట్లో చాలాసార్లు చెప్పాను. మొగనంతా చిన్న చిన్న గళ్లుగా విడగొడతాం. ఒక్కొక్క గడిలో నీళ్ల లోతు, నది వడి, అల ఎత్తు, ఇసుక ఎంత సన్నదో ఎంత బరువో, అన్నీ పెడతాం. తర్వాత ఆటుపోట్లు నడిపిస్తాం. వేసవిలో డ్రెడ్జర్ తోడిన ఇసుకని ఎక్కడ గుమ్మరిస్తే మళ్లీ దారికి అడ్డం రాదో రేవు వాళ్లకి చెప్పడానికి ఈ లెక్కలు. నీళ్ల అడుగున నేల కదలదనుకుని నడిపితే పని త్వరగా తెములుతుంది. అడుగుని కూడా కదలనిస్తే, ఇసుక లేస్తుంది, పోతుంది, ఎక్కడో మేట వేస్తుంది, ఆ మేట మీద అలలు మారతాయి, మారిన అలలు మళ్లీ ఇసుకని తోస్తాయి. అది నడవడానికి రోజులు పడుతుంది. అందుకే ఎవరూ అలా నడపరు.

ఆ ఏడు పీతలకి కండ పట్టలేదని సీజన్ వాయిదా మీద వాయిదా పడింది. నాకు తీరిక దొరికి, అడుగుని కదలనిచ్చాను.

మామూలుగా మా వైపు తుఫానులు నైరుతి నుంచి వస్తాయి, ఇసుకని ఉత్తరానికి తోస్తాయి. అందుకే డ్రెడ్జర్ ఇసుకని మొగకి ఉత్తరంగా పోశారు. అది ఇంకా ఉత్తరానికి పోతుందని లెక్క. ఆ ఏడు మాత్రం తుఫానులు వాయవ్యం నుంచి వచ్చాయి. తెర మీద ఇసుక వెనక్కి పాకింది. రోజుకింత చొప్పున దక్షిణానికి జరుగుతూ వచ్చి, సరిగ్గా గీత మీద ఆగింది.

గీత అంటే మా పడవలు బయటికెళ్లే దారి. బయటికెళుతూ వెనక్కి తిరిగి చూస్తే చర్చి శిఖరం, చేపల్ని డబ్బాలకెత్తే క్యానరీ పొగగొట్టం వెనక దాక్కోవాలి. దాక్కుందంటే కింద లోతుంది, భయం లేదు. మా తాతయ్య అలాగే వెళ్లేవారు, ఆయన తండ్రీ అలాగే వెళ్లారు. పొగగొట్టం పడిపోబోతే, క్యానరీ ఎప్పుడో మూతబడినా సరే, పడవల వాళ్లు తలా ఒక చెయ్యి వేసి దాన్ని నిలబెట్టారు.

ఆ గీత మీద నా తెరలో ఎర్రటి మచ్చ ఉంది. ఆటు సమయంలో నది బయటికి ఉరుకుతుంటే, ఎదురొచ్చే అల దాన్ని గుద్దుకుని పొట్టిదవుతుంది, నిటారుగా లేస్తుంది. కింద మేట కూడా ఉంటే అక్కడే విరిగి మీద పడుతుంది. ఎరుపంటే అది.

మా పైఅధికారి నకమూరా గారు మంచావిడ. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని చాలాసేపు చూశారు.

“అడుగు ఎవరైనా కొలిచారా?”

“లేదండీ. తుఫానుల వల్ల కొలిచే పడవ బయటికే వెళ్లలేదు.”

“అయితే ఇది బొమ్మ, సైమీ. మేట కాదు. ఇసుకని కదిలించే లెక్కలు సగం సార్లు తప్పుతాయి. నీకు నేను చెప్పాలా?”

“నాకు తెలుసండీ.”

“ఆఫీసు తరఫున దీన్ని బయటికి ఇవ్వలేను. మనం దారి మార్చుకోమని చెప్పి, వాళ్లు మారి, అక్కడ పడవ పగిలితే?” ఆవిడ లేచి కోటు వేసుకున్నారు. తలుపు దగ్గర ఆగారు. “ఇంట్లో భోజనాల దగ్గర నువ్వు ఏం మాట్లాడుకుంటావో అది నా పరిధిలోకి రాదు.”

మా ఇంట్లో ముఖ్యమైన మాటలు భోజనాల దగ్గర మాట్లాడుకోరు. శనివారం సౌనా అయ్యాక, వసారాలో చలిగాలికి కూర్చుని మాట్లాడుకుంటారు. ముందు మగవాళ్లు కాగి బయటికొస్తారు, తర్వాత ఆడవాళ్లు వెళతారు. నేను ఆ మధ్యలో వసారాలోకి వెళ్లాను. తాతయ్య తువాలు కప్పుకుని బల్ల మీద కూర్చున్నారు. భుజాల మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. నేను కాగితం మీద తీసిన బొమ్మ ఆయన ఒళ్లో పెట్టాను.

రీనో మెడ చాచి చూశాడు. “ఇదేంటి, మీ ఆఫీసులో ఎవరి పిల్లకైనా రంగు పెన్సిళ్లు కొనిచ్చారా?”

“నువ్వూరుకో రా” అన్నారు తాతయ్య. “ఇది గీతేనా?”

“అవును తాతా. ఇది పొగగొట్టం, ఇది ఉత్తరపు రాతిగట్టు, ఇది దక్షిణపు రాతిగట్టు.”

“ఈ ఎరుపు?”

“ఆటులో అల విరిగే చోటు.”

“గీత మీదా?” రీనో పెద్దగా నవ్వాడు. “తాతా, చిన్నప్పటి నుంచీ అక్కడే దాటుతున్నాం. నిన్నగాక మొన్న కూడా మనమే దాటాం కదా!”

“నిన్నగాక మొన్నా? అక్టోబరులో” అన్నాను. “ఆ తుఫానుల తర్వాత ఒక్క పడవైనా వెళ్లిందా?”

తాతయ్య వేలితో దక్షిణపు గట్టు పక్కన ఉన్న నీలిరంగుని తాకారు. “ఇక్కడ?”

“లోతుంది అంటోంది. కానీ రాళ్లకి దగ్గర.”

“నీ బొమ్మ తప్పయితే?”

“అవ్వొచ్చు తాతా.”

“నీకేమనిపిస్తోంది?”

“భయంగా ఉంది.”

“గీతని చూసా, బొమ్మని చూసా?”

“రెండిటినీ. మీరు గీత మీద పోతారని ఒక భయం. నా మాట విని రాళ్ల మీదికి పోతారని ఒక భయం. రెండో దానికే నిద్ర పట్టట్లేదు.”

ఆయన బొమ్మని మడిచారు. తడి చేతులకి ఎరుపు కొంచెం అంటుకుంది. దాన్ని తువాలుకి తుడుచుకుని, “ఆడాళ్లని కాగమను, పొయ్యి ఆరిపోతోంది” అన్నారు.

మర్నాడే సీజన్ తెరిచారని కబురొచ్చింది. శుక్రవారం పొద్దున్నించి బోనులు దించుకోవచ్చు.

ఇది చదివే వాళ్లలో సముద్రం మీదికి వెళ్లేవాళ్లుంటే ఈపాటికే తల ఊపి ఉంటారు. శుక్రవారం రేవు వదలడం అపశకునం, ఆ రోజు సీజన్ మొదలుపెట్టే పడవ మా రేవులో లేదు. శుక్రవారం బోనులు దించాలంటే గురువారమే మొగ దాటి, బయట ఆగి ఉండాలి. గురువారం వెలుగుండగా దొరికేది పోటు కాదు, ఆటు. అది కూడా ఏడాదిలోకెల్లా పెద్ద ఆట్లలో ఒకటి. పైగా వాయవ్యం నుంచి మళ్లీ అలలు లేస్తున్నాయని వార్త.

వంటింట్లో అందరూ ఉండగా అన్నాను. “శుక్రవారం పొద్దున పోటుకి వెళితే నది నెమ్మదిస్తుంది. అల కూడా మెత్తబడుతుంది. ఒక్క పూట ఆగితే...”

అమ్మ చేతిలో కత్తి ఆగింది. అమ్మ అరవలేదు. “ఆ మాట ఈ ఇంట్లో అనకు” అంది. నాన్న వెళ్లింది శుక్రవారం.

గురువారం మధ్యాహ్నం రేవుకి వెళ్లాను. పడవలన్నీ వెనక డెక్కు మీద బోనులు గూడులాగా పేర్చుకుని, బరువుకి నీళ్లలోకి కూరుకుని ఉన్నాయి. మా ‘ఐలీ’ కూడా అలాగే ఉంది. రీనో ఆఖరి గొలుసు బిగిస్తున్నాడు. తాతయ్య చుక్కాని గది మెట్ల మీంచి కిందకి దిగి, గొలుసు మీద చెయ్యి వేశారు.

“విప్పు.”

“ఏంటి, వదులుగా ఉందా?”

“విప్పు. బోనులన్నీ రేవు మీదికి దించు.”

రీనో అర్థంకానట్టు చూశాడు. “కొన్నా?”

“అన్నీ.”

“తాతా, నీకు మతిపోయిందా? ఇవాళ వెళ్లి రేపు దించకపోతే మంచి చోట్లు మనకి మిగుల్తాయా? మొదటి వారం పోయిందంటే సీజన్ పోయినట్టే కదా! ఖాళీ పడవతో బయటికెళ్లి ఏం చేస్తాం, పాటలు పాడతామా?”

“ముందు వెళ్లేవాణ్ని నేను.”

మా రేవులో అది రివాజు. పెద్ద కెప్టెన్ ముందు మొగ దాటి, రేడియోలో వెనకవాళ్లకి సంగతి చెబుతాడు. ఆయన చెప్పేదాకా మిగతా పడవలు లోపలే ఆగుతాయి. ఆయన చెప్పాక ఇంక ఎదురు మాట ఉండదు. తాతయ్య చాలా ఏళ్లుగా ఆ మాట చెబుతున్నారు.

“ముందు వెళ్లేవాడు బాగా చూడాలి” అన్నారు. “నెత్తి మీద ఇంత బరువుంటే చూసినా తిప్పుకోలేను. ఒక్క అల పక్కనించి తగిలితే ఒరుగుతాం. ఖాళీగా ఉంటే తిప్పుకుంటాను.”

పక్క పడవలోంచి డెల్ ప్రూయిట్ అరిచాడు. డెల్‌కి నోరెక్కువ. “ఏం ఒన్నీ! షికారుకా? మనవరాలు రంగుల బొమ్మ గీసిందట కదా, భయపడ్డావా?”

“భయపడ్డాను” అన్నారు తాతయ్య. “నువ్వు పడలేదా? పడకపోతే ముందు నువ్వే వెళ్లు. నేను వెనకొస్తాను.”

డెల్ నవ్వుతూనే తన తాళ్ల వైపు తిరిగాడు. రీనో బోనులు దించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ రేవు చెక్కల మీద ధన్‌మని పడేస్తున్నాడు. సాయం చేద్దామని నేను చెయ్యి వేస్తే, “ముట్టుకోకు” అన్నాడు. “చేసింది చాలు.”

మా ఇల్లు గుట్ట మీద. వంటింటి కిటికీలోంచి మొగ కనబడుతుంది. పడవ కనుమరుగయ్యేదాకా చూస్తే అది తిరిగి రాదని మా ఊళ్లో ఆడవాళ్లు చూడరు. అమ్మ కిటికీకి వీపు పెట్టి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. అల్మరా మీద రేడియో గరగరమంటోంది. నేను చూడకుండా ఉండలేకపోయాను. చూడకపోతే ఇంకా భయం.

“చెప్పు” అంది అమ్మ, తిరగకుండానే.

“పొగగొట్టం దాటారు. ‘ఐలీ’ ముందుంది. మిగతావాళ్లు మలుపు దగ్గర ఆగారు.”

“ఇప్పుడు?”

“గీత మీదికి వస్తున్నారు.”

మొగంతా తెల్లగా ఉంది. ఎక్కడ విరుగుతోందో, ఎక్కడ గాలికి నురగ మాత్రమే లేస్తోందో నాకు తెలియలేదు. నా తెర మీద అన్నిటికీ హద్దులుంటాయి. ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలు పెట్టి చూపించగలను. అక్కడ ఏ హద్దూ లేదు. ‘ఐలీ’ ముక్కు పైకి లేచింది, పడింది, మళ్లీ లేచింది. తర్వాత వాన తెర ఒకటి పడమర నుంచి వచ్చి మొగని కప్పేసింది.

“ఏమైంది?”

“వాన. కనబడట్లేదు.”

అమ్మ చెక్కు తీయడం ఆపలేదు. చెక్కంతా అయిపోయిన దుంపని ఇంకా చెక్కుతూనే ఉంది. అది చేతిలో చిన్నదైపోతోంది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. నాకు దక్షిణపు గట్టు రాళ్లు తప్ప ఇంకేం గుర్తుకు రావట్లేదు. లోతుందని చెప్పింది నేను. ఆ గడిలో ఉన్న లోతు వేసవిలో కొలిచింది. మొగలో ఇసుక అంతటినీ కదిలించిన లెక్క, ఆ ఒక్క చోటినే కదిలించలేదని నేనెలా నమ్మాను? గచ్చు మీద కూర్చుండిపోయాను. అమ్మ నా వైపు చూసింది, కిటికీ వైపు కాదు.

రేడియో చిటపటమంది. తాతయ్య గొంతు.

“అందరికీ, ‘ఐలీ’ నుంచి చెబుతున్నాను. గీత మీద నీళ్లు నాకు నచ్చలేదు. దక్షిణపు గట్టు పక్కగా రండి. ఎగుడుదిగుడుగా ఉంది, కానీ నిలుస్తోంది. నేను బయట ఆగి ఉంటాను, లైట్లన్నీ వేశాను. నా మీదికే రండి. ఒకరి తర్వాత ఒకరు.”

అంతే. ఏం నచ్చలేదో చెప్పలేదు.

వాన పలచబడేసరికి ఆయన దీపాలు కనబడ్డాయి. దక్షిణపు రాళ్లకి అవతల, అలల్లో పైకీ కిందకీ. పడవలు ఒక్కొక్కటే ఆ దీపాల వైపు మళ్లాయి. దాటిన ప్రతి పడవా రేడియోలో పేరు చెప్పింది. డెల్ ఆఖరున వెళ్లాడు. పేరు చెప్పి, “ఒన్నీ, నువ్వు పిచ్చి ముసలాడివి” అన్నాడు.

అమ్మ అప్పుడు కత్తి కింద పెట్టింది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. నేను చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే. ఏ పడవా మునగలేదు, ఎవరికీ చెయ్యి కూడా బెణకలేదు. శుక్రవారం పొద్దున అందరూ బోనులు దించారు. ‘ఐలీ’ పోటుకి లోపలికి వచ్చింది. మా బోనులు ఎక్కించేలోపు అలలు పెరిగి, పడవలు దాటకుండా తీరరక్షకులు మొగ మూసేశారు. తెరిచేసరికి మంచి చోట్లన్నీ వేరే రంగు బుడ్డీలతో నిండిపోయాయి. మిగతావాళ్లు పీతలు నింపుకుని వస్తుంటే మేం ఖాళీ బోనులు పైకి లాక్కున్నాం. రీనో కొన్నాళ్లు ఓపిక పట్టి, డెల్ పడవలో పనికి చేరాడు. ఇంటికి వచ్చినా నాతో మాట్లాడేవాడు కాదు.

ఊళ్లో అదొక వేళాకోళమైంది. ఎవరైనా పనికి బద్ధకిస్తే, “ఏం, బొమ్మలో ఎర్రగా ఉందా?” అనేవాళ్లు. బీరు కొట్టులో తాతయ్య ముందే అనేవాళ్లు. ఆయన కూడా నవ్వేవారు. “ఎర్రగా కాదు, తెల్లగా ఉంది” అని మాత్రం ఒకసారి అన్నారు. ఎవరూ ఏమిటని అడగలేదు. వసంతంలో ఆయన ‘ఐలీ’ని అమ్మేశారు. మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు.

అదే వసంతంలో కొలిచే పడవ బయటికి వెళ్లింది. గీత మీద మేట ఉంది. నకమూరా గారు కాగితాలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. కానీ నిజం చెప్పాలంటే, ఆ మేట ఆ గురువారానికే ఉందో, తర్వాతి తుఫానుల్లో వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నేను కూడా చెప్పలేను. నేనింకా అదే పని చేస్తున్నాను. ఇప్పుడు అడుగుని ప్రతిసారీ కదలనిస్తాను. ఎరుపు కనబడినప్పుడల్లా, లేచి ఒకసారి బయట గాలిలో నడిచి వస్తాను.

తాతయ్య రెండు చలికాలాల తర్వాత నిద్రలో పోయారు. ఆయన్ని సాగనంపి వస్తున్న రోజు రీనో నన్ను తన బండిలో ఇంటికి తీసుకొస్తూ, రేవు దగ్గర ఇంజన్ ఆపాడు. స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు.

“సైమీ” అన్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత పేరుపెట్టి పిలిచాడు. “ఆ రోజు గీత మీద అల కిందకి దిగాం కదా. గుంటలోకి. నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి.”

“ఇసుకా?”

“నేను డెక్కు మీద ఉన్నాను. చూశాను. తాత చుక్కాని తిప్పేశాడు. అల పక్కనించి కొట్టింది. బోనులుంటే...” మళ్లీ బండి స్టార్ట్ చేశాడు. “ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమొస్తుంది? ఏమీ జరగలేదు కదా.”

రేవు దగ్గర రాతిగోడ ఇప్పటికీ ఉంది. మీరెప్పుడైనా మా వైపు వస్తే నాన్న పేరు చూడండి. దాని తర్వాత ఏళ్లు కూడా చూసుకుంటూ రండి. ప్రతి ఏడు కిందా ఒకటో రెండో పేర్లుంటాయి. ఒక ఏడు కింద మాత్రం రాయి నున్నగా ఉంటుంది. ఆ ఏడు ఎవరూ పోలేదు కాబట్టి చెక్కడానికి ఏమీ లేదు. మా తాతయ్య మంచం మీద పోయారు కాబట్టి ఆయన పేరు ఆ గోడ మీద ఎక్కడా ఉండదు. ఆ ఖాళీ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఒన్ని రాంతా అనే ఆయన్ని తలుచుకోండి.